పకోడికి ముఖం చాటేసిన చినబాబు

చినబాబు అని పేరు పెట్టినవాళ్ళకి ముందుచూపు లేదు. ఆ పేరుగల మనిషి ఆదిత్యపూర్‌లో ఒక ఇనుప పోత కార్ఖానాలో క్రేను నడిపేవాడు. కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరిగే ఆ క్రేనుకి ఒక రేకుడబ్బా వేలాడుతూ ఉంటుంది. డ్రైవరు కూర్చునేది అందులోనే. చినబాబు కూర్చుంటే ఇంక అందులోకి గాలి దూరాలన్నా అడిగి దూరాల్సిందే. పొద్దున్నే అతను నిచ్చెన ఎక్కుతుంటే కిందివాళ్ళు నిచ్చెన మీద జాలిపడేవాళ్ళు.

మనిషి లావే గాని చెయ్యి తేలిక. అతను దించిన, అచ్చు ఇసుక నింపిన పోతపెట్టె నేల మీద వాలినట్టు తెలిసేది కాదు. కింద నిలబడి గొలుసులు తగిలించే ఖలాసీ బలరామ్‌కి, పైనున్న చినబాబుకి మధ్య రెండే మాటలు. "హబీస్!" అని కేకేస్తే ఎత్తాలి. "ఆరియా!" అంటే దించాలి. అన్నేళ్ళ స్నేహమూ ఆ రెండు కేకల మీదే నడిచింది.

ఎనభై ఒకటో సంవత్సరం వానల్లో ఒక మధ్యాహ్నం, గొలుసులో అరిగిన లంకె ఒకటి తెగింది. ఎత్తిన పెట్టె కూలింది. నల్ల ఇసుక గుప్పున లేచి, ఆ దుమ్ములో బలరామ్ కనపడకుండా పోయాడు. అందరూ అటు పరిగెత్తారు. కాసేపటికి దుమ్ములోంచి, తలనుంచి కాళ్ళదాకా ఇసుక రంగుతో, బలరామే నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో అతని టిఫిను క్యారియరు అప్పడంలా అణిగిపోయి ఉంది. "భయ్యా, మేరా పరాఠా తో పహలే సే హీ చపటా థా!" అని పైకి చూసి అరిచాడు. అసలే అణిగి ఉన్న పరాఠాని ఇంకా అణగ్గొట్టడం దేనికని అతని బాధ. కార్ఖానా అంతా విరగబడి నవ్వింది. తప్పు లంకెది అని తేలింది. చినబాబుని ఎవరూ ఒక్క మాట అనలేదు.

మర్నాడు అతను నిచ్చెన ఎక్కి, కూర్చుని, మీట మీద చెయ్యి వేశాడు. చెయ్యి వణికింది. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకున్నాడు. రెండూ కలిసి వణికాయి. చొక్కా తడిసి ముద్దయింది. మీట కదపకుండానే దిగి వచ్చేశాడు. ఆ మర్నాడూ అంతే.

ఫోర్‌మన్ మంచివాడే, కాని పని ఆగకూడదు కదా. క్రేను మీద ఇంకొకణ్ణి కూర్చోబెట్టి, చినబాబుని కింద ఇసుక జల్లెడ పట్టే ఆడకూలీలతో వేశాడు. విశ్వకర్మ పూజదాకా చూస్తానన్నాడు. పూజనాడు ఎవరు క్రేను మీద ఉంటే, ఆ క్రేనుకి బొట్టుపెట్టేది వాళ్ళే, ఆపైన దాన్ని నడిపేదీ వాళ్ళే. జల్లెడ దగ్గర కూలీలు చినబాబుకి పని నేర్పబోయి నవ్వాపుకోలేక చతికిలబడేవాళ్ళు. ఆకాశంలో తిరిగిన మనిషి, చేటంత జల్లెడ ముందు గొంతుక్కూర్చుని, తల ఎత్తకుండా ఇసుక ఊపేవాడు. తల ఎత్తితే క్రేను కనబడుతుంది.

డిస్పెన్సరీ డాక్టరు గుండె విన్నాడు, నాలుక చూశాడు. ఒంట్లో ఏమీ లేదు, ఖర్కాయి నదికి అవతల కద్మాలో ధర్మాసుపత్రి వెనక సరస్వతమ్మగారని ఉన్నారు, వెళ్ళి ఆవిడతో మాట్లాడమన్నాడు.

ఆ ఊళ్ళో మనసుకి వైద్యం అంటే జనానికి తెలిసింది ఒకటే మాట, పిచ్చాసుపత్రి ఉన్న రాంచీ. ఎవరైనా తిక్కగా మాట్లాడితే "వీడికి రాంచీ టికెట్టు కోయండ్రా" అంటారు. అంచేత చినబాబు ఇంట్లో మోకాలి నొప్పికి తైలం రాయించుకోడానికి కద్మా వెళ్తున్నానని చెప్పాడు. ఇంట్లో ఉన్నది తల్లి జోగమ్మ, భార్య చిలకమ్మ. కూతురు పెళ్ళై ఖరగ్‌పూర్లో ఉంది. తల్లి ముక్కు సంగతి తెలిసినవాడు కనక, ఒక తైలం బుడ్డి నిజంగానే కొని జేబులో పెట్టుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు పాన్ దుకాణం చాటున పంట్లాం ఎగలాగి రెండు మోకాళ్ళకీ పట్టించుకుని ఇల్లు చేరేవాడు.

సరస్వతమ్మ బరంపురం మనిషి. నర్సుగా చేసి, మనసు చెదిరినవాళ్ళ మధ్యనే జుట్టు నెరిసి, రిటైరయ్యాక ఆ వెనక గదిలో కూర్చునేది. గదికి బోర్డు లేదు. బోర్డు ఉంటే ఎవరూ రారని ఆవిడకి తెలుసు. గదిలో ఒక కుర్చీ, ఒక బెంచీ, కిటికీ, ఒక కుక్క.

చినబాబు మొదటిసారి లోపలికి అడుగుపెట్టి, ఆ కుక్కని చూసి, చూసినవాడు చూసినట్టే కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"కుక్క!" అన్నాడు.

"కుక్కే," అంది సరస్వతమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ. "ఆ కుర్చీ పాతది బాబూ. దిగావంటే అదీ బతుకుతుంది, నువ్వూ బతుకుతావు."

"కరుత్తాదేటమ్మా?"

"పళ్ళు సగం ఊడిపోయాయి. రొట్టె నానబెట్టి పెడితే తింటుంది. నిన్ను నానబెట్టాలంటే మా దగ్గర అంత గిన్నె లేదు."

కుక్క పేరు పకోడి. బాగా వేగిన పకోడీ రంగు, ఒక చెవి మడత, కాస్త బద్ధకం. అది వానకి తడవకుండా నిలబడదామని వచ్చి ఆ గదిలో ఉండిపోయిన ఆడకుక్క. నెలల తరబడి నోరు విప్పని ఒక కోడలుపిల్ల ఒకనాడు దాని చెవి నిమురుతూ నిమురుతూ, సరస్వతమ్మ ఎంత అడిగినా చెప్పని సంగతి దానికి చెప్పేసిందట. ఆనాటి నుంచి పకోడికి ఆ గదిలో ఉద్యోగం ఖాయమైంది.

"జోళ్ళు విప్పు," అంది సరస్వతమ్మ. "కార్ఖానా జోళ్ళ వాసన దానికి పడదు."

విప్పాడు. పకోడి లేచి, వాసన చూసి, అతని ఎడమ పాదం మీద గడ్డం ఆన్చి పడుకుంది. చినబాబు ఊపిరి బిగబట్టాడు. కాలు తీసేద్దామంటే లేస్తుందేమోనని భయం, ఉంచుదామంటే ఉన్నదన్న భయం. కాసేపటికి ఆ గోరువెచ్చని బరువు పాదానికి అలవాటైంది. సరస్వతమ్మ ఏమీ అడగలేదు. ఆ రోజంతా చిక్కుడుకాయలు ఒలవడమే సరిపోయింది. చివర్లో "వచ్చే గురువారం రా" అంది.

ఇదేం వైద్యమో చినబాబుకి బోధపడలేదు. కాని వెళ్ళాడు. ఆ పై గురువారమూ వెళ్ళాడు. ఆవిడ ముఖం చూస్తే నోరు పెగిలేది కాదు. కిందికి చూస్తే పకోడి ఉండేది. ఒకనాడు దాని మడతచెవిని సరిచేస్తూ చినబాబు దాంతోనే మాట్లాడాడు.

"ఒసే, నీకు తెల్దే. నాను ఆరోజు దిగలేదే. అందరూ పరిగెట్టుకెల్లినారు. నాను కళ్ళు మూసుకుని పైనే కూకున్నాను. బలరామ్ సచ్చిపోనాడనుకున్నాను. సచ్చిపోనాడనుకుని గూడా దిగలేదు. నవ్వులు ఇనబడ్డాకే కళ్ళు తెరిసినాను."

పకోడి తోక ఒకసారి నేలకి కొట్టింది. సరస్వతమ్మ కిటికీ బయట ఏదో ఉన్నట్టు అటు తిరిగి కూర్చుంది. చినబాబు పెద్ద భుజాలు ఊగుతున్నంతసేపూ ఆవిడ అటే చూసింది. తర్వాత మెల్లగా అంది:

"దాని డొక్క మీద చెయ్యి పెట్టు. అది ఊపిరి తీసినప్పుడు నువ్వూ తియ్యి. అది వదిలినప్పుడు వదులు. దానికి లేని తొందర నీకెందుకు? హవు, అలాగే."

బరంపురం వాళ్ళు 'సరే' అనడానికి 'హవు' అంటారు. చినబాబుకి ఆ మాట నిద్రమాత్రలా పనిచేసేది.

"ఈ కుక్క ఏటి సేత్తాదమ్మా, మంతరమా?" అని ఒకసారి అడిగాడు.

"ఏమీ చెయ్యదు. నేనైతే ఆగలేక సలహా చెప్పేస్తాను. దానికి ఆ రోగం లేదు."

ఇలా ఉండగా ఒక శుక్రవారం ఉదయం వాకిట్లో కుళాయి దగ్గర జోగమ్మ కొడుకు పంట్లాం ఎత్తిపట్టి ఎండలోకి చూసింది. తైలం అంటిన మోకాళ్ళ దగ్గర పకోడీ రంగు వెంట్రుకలు గడ్డి మొలిచినట్టు అతుక్కుని ఉన్నాయి.

"ఒరే సినబాబూ! నీ తైలానికి మోకాళ్ళకి ఎంటికలు మొలుత్తన్నాయేట్రా?"

"అది కాదమ్మా..."

"మరేటి? కుక్క ఎంటికలు నానెరగనా?"

చెప్పక తప్పలేదు. కుక్క, డాక్టరమ్మ, గురువారాలు, అన్నీ చెప్పాడు. జోగమ్మ పంట్లాం కింద పడేసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "మాటల డాక్టరంటే రాంచీయే కదరా! ఓలమ్మో!"

"రాంచీ కాదమ్మా, కద్మా."

లోపల్నించి చిలకమ్మ పకపకా నవ్వింది. ఆమె నవ్వుతూనే వచ్చి పంట్లాం తీసి నీళ్ళలో ముంచింది. "మనిసి ఉలిక్కిపడకుండా తొంగుంటన్నాడత్తా. కుక్కయితేనేటి, నక్కయితేనేటి. ఏటయ్యా, ఆ తైలం ఎలాగూ కొన్నావు గదా, అత్త మోకాళ్ళకి రాయి."

జోగమ్మ ఒప్పుకుంది గాని ఒక షరతు పెట్టింది. కుక్కని తాకిన ఒంటితో గడప తొక్కకూడదు. ఆ తర్వాత ప్రతి గురువారం సాయంత్రం చినబాబు తువ్వాలు చుట్టుకుని వాకిట్లో కుళాయి కింద కూర్చునేవాడు. వీధి వీధంతా అది చూసి, గురువారం ఏదో వ్రతమని చెప్పుకునేది.

విశ్వకర్మ పూజ దగ్గరపడింది. ఒక ఉదయం చినబాబు జల్లెడ పక్కన పెట్టి, ఎవరికీ చెప్పకుండా నిచ్చెన ఎక్కాడు. కూర్చుని ఎడమ జోడు విప్పాడు. అది కార్ఖానా నియమానికి విరుద్ధం. ఖాళీ పాదం మీద గోరువెచ్చని బరువు ఒకటి ఉన్నట్టు తలుచుకున్నాడు. ఆ బరువు ఎప్పుడు ఊపిరి తీస్తుందో అప్పుడు తీశాడు. మీట మీద చెయ్యి వేశాడు.

కింద బలరామ్ చూశాడు. చూసి, గొలుసులు తగిలించి "హబీస్!" అన్నాడు. పెట్టె లేచాక తన కొత్త టిఫిను క్యారియరు తెచ్చి, పెట్టె దించాల్సిన చోటు పక్కనే పెట్టి, తను దూరంగా జరిగి, "ఆరియా!" అన్నాడు. పెట్టె దిగింది. క్యారియరుకీ దానికీ మధ్య వేలు దూరేంత సందు ఉంది. క్యారియరు మూత కూడా అదరలేదు. జల్లెడ దగ్గర ఆడకూలీలు చప్పట్లు కొట్టారు. పూజనాడు క్రేనుకి బొట్టుపెట్టింది చినబాబే.

ప్రసాదం లడ్డూలు ఇచ్చారు. ఒకటి కాగితంలో చుట్టి, "పకోడికి పట్టుకెల్తానమ్మా" అన్నాడు.

జోగమ్మ గడపకి అడ్డం నిలబడింది.

"ఎల్లకు. మరి దాని మొగం సూడకు."

"అదేటమ్మా?"

"మన ఊర్లో గుంటడికి దడుపు జరం వత్తే ఏటి సేత్తారు? కోడిని తల సుట్టూ తిప్పి పొలిమేర దాటించి ఒగ్గేత్తారు. దడుపు దాని మీదకి ఎల్లిపోద్ది. మరి ఆ గుంటడు ఆ కోడి మొగం సూడకూడదు. సూత్తే, దిగినది మల్లీ ఎక్కుద్ది. నీ దడుపు ఆ పకోడి మీదకి ఎల్లిపోనాది. అది మంచిది, పున్నెం దానికి. నువ్వు మాత్రం సూడకు."

చినబాబు నవ్వాడు. అలాంటివి నమ్మే మనిషిని కానని అన్నాడు. లడ్డూ మాత్రం తనే తిన్నాడు.

ఆ గురువారం డ్యూటీ మారింది, కుదరలేదు. పై గురువారం వాన. దాని పై గురువారానికి ఏ సాకూ దొరక్క, ఊరికే మానేశాడు. నమ్మలేదు, కాని వెళ్ళలేదు. చెయ్యి బాగుంది, పెట్టెలు బాగా దిగుతున్నాయి, ఆ బాగున్నదాన్ని కదపడం దేనికి అనుకున్నాడు. తర్వాత్తర్వాత కద్మా బజారుకి వెళ్ళాల్సి వస్తే ధర్మాసుపత్రి వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. దారిలో పకోడీ రంగు కుక్క ఏది ఎదురైనా తల పక్కకి తిప్పేసేవాడు. అలా తిప్పి ఒకసారి కూరల బండికి గుద్దుకున్నాడు కూడా. వంకాయలు ఏరుతూ చిలకమ్మ అంది, "క్రేను కాడ బయం కుక్క కాడికొచ్చినాది. ఇదేటి బాగవడమయ్యా?"

ఎండలు మొదలయ్యే రోజుల్లో సరస్వతమ్మ రిక్షాలో వాళ్ళ వీధికి వచ్చింది. రిక్షా వీధి మొగలోనే ఆగింది. ఆవిడ ఒక్కతే చెయ్యి అడ్డం పెట్టుకుని ఇళ్ళు చూసుకుంటూ నడిచి వచ్చింది. కళ్ళల్లో పొర పెరిగిపోయిందట. ఆపరేషనుకి బరంపురం వెళ్తోంది. తమ్ముడింట్లో ఉండి, వానలు పడ్డాక తిరిగొస్తుంది.

"పకోడిని రైల్లో తీసుకుపోలేను బాబూ. ఆ గదికి వచ్చే మిగతావాళ్ళు తమని తామే చూసుకోలేకుండా ఉన్నారు. నీకు వాకిలి ఉంది, కుళాయి ఉంది. దానికి నువ్వంటే ఇష్టం. రిక్షాలోనే ఉంది, ఒకసారి వచ్చి పలకరించు."

చినబాబు వీధి మొగవైపు చూడకుండా, ఆవిడ చెప్పుల వైపు చూస్తూ, "మా ఇంట్లోదానికి కుక్కలంటే పడదమ్మా. ఒల్లు దద్దుర్లెక్కిపోద్ది" అన్నాడు.

సరిగ్గా అప్పుడే చిలకమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "డాక్టరమ్మగారా! పకోడిని తేలేదేటమ్మా? ఎప్పట్నుంచో దాని చెవి సూడాలని ఉంది నాకు!"

కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. చినబాబు అంత శరీరమూ ఎక్కడ దాచుకోవాలో తెలియక నిలబడ్డాడు. సరస్వతమ్మ ఇద్దర్నీ పొరల కళ్ళతోనే చూసింది.

"హవు," అంది. ఆసుపత్రి కాపలావాడి దగ్గర ఉంచుతానని చెప్పి, చిలకమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గోడ పట్టుకుని వెళ్ళిపోయింది. విషయం తెలిసి చిలకమ్మ ఆ పూట మొగుడితో మాట్లాడలేదు. అతను చేసినదానికంటే, తన ఒంటికి లేని దద్దుర్లు అంటగట్టినందుకు ఎక్కువ మండిందట ఆమెకి. పైకి చెప్పింది మాత్రం అదే.

వైశాఖం ఎండలు. వడగాలికి వీధిలో పిట్ట కూడా తిరగడం లేదు. చినబాబు డ్యూటీ దిగి వచ్చి, జోళ్ళు విప్పి, కుళాయి కింద కాళ్ళు కడుక్కుంటున్నాడు. జోగమ్మ అరుగు మీద విసనకర్రతో ఉంది. చిలకమ్మ రేషను దుకాణానికి వెళ్ళింది.

"సినబాబూ! మొగం తిప్పు! సూడకురా!"

ఆ కేక ఎలాంటిదంటే, ఎందుకని అడగడానికి సందు లేనిది. చినబాబు ఎదురుగా ఉన్న గోడవైపు తిరిగిపోయాడు. ముక్కు గోడకి తగిలేంత దగ్గరగా నిలబడి కళ్ళు మూసుకున్నాడు. నడివయసు మనిషి, ఎత్తుకి ఎత్తు, లావుకి లావు, బళ్ళో తప్పుచేసిన కుర్రాడిలా.

వెనక చప్పుళ్ళు వినిపించాయి. తాడు ముక్క ఒకటి నేల మీద రాసుకుంటూ వస్తున్న చప్పుడు. నోరు తెరుచుకుని రొప్పుతున్న చప్పుడు. వంతెన మీదుగా, కద్మా నుంచి, ఆ ఎండలో, ఒక్కసారి రిక్షాలో వచ్చిన దారి గుర్తుపెట్టుకుని పకోడి వచ్చింది. కుళాయి నీళ్ళు కాసేపు నాకింది. తర్వాత గోళ్ళ చప్పుడు దగ్గరికొచ్చింది.

అతని తడి పాదం మీద, ఎడమ పాదం మీద, మడమ పక్కగా, గడ్డం ఆనింది.

వేడిగా ఉంది. మునుపటి కంటే తేలికైపోయింది. దాని డొక్క అతని పిక్కకి తగిలి, ఎగసి, పడుతోంది. తిరగాలి అనుకున్నాడు. తిరిగితే చాలు. మీట, బలరామ్, జల్లెడ, చప్పట్లు, బొట్టు, అన్నీ ఒక్కసారి కళ్ళ వెనక తిరిగాయి. మెడ తిరగలేదు.

"పో! పో తల్లీ, నీకు దణ్ణవెడతాను పో!" జోగమ్మ ఒక చేత్తో దణ్ణం పెడుతూ ఇంకో చేత్తో చీపురు విసిరింది. చెంబుడు నీళ్ళు చల్లింది. పాదం మీద బరువు లేచిపోయింది. తాడు రాసుకుంటున్న చప్పుడు వాకిలి దాటి, వీధిలోకి వెళ్ళి, వడగాలిలో కలిసిపోయింది. ఆ తర్వాత కూడా చినబాబు గోడవైపే నిలబడి ఉన్నాడు.

చిలకమ్మ వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు. అత్త చెప్పింది విని సంచీ కింద పడేసింది.

"మొగం సూడకూడదు సరే. పాదమ్మీద గెడ్డం ఎట్టుకోనిత్తే దిగినది ఎక్కదేటి? ఏ ఊరి కట్టుబాటత్తా ఇది?" అని అత్తనడిగి, మొగుడివైపు తిరిగింది. "ఇంకా నిలబడ్డావేటయ్యా? బేగి ఎల్లు!"

వెళ్ళాడు. చెప్పుల్లేకుండా, తువ్వాలు భుజాన వేసుకుని. వంతెనదాకా పరుగు, అక్కణ్ణించి ఖర్కాయి ఇసుకలోకి. "పకోడీ! పకోడీ!" అని కేకలు పెట్టుకుంటూ తిరిగాడు. నదిలో బట్టలు ఉతికేవాళ్ళు అతన్ని వింతగా చూశారు. వంతెన మీద ఒక ముసలావిడ ఆపి, "గరమ్ హై క్యా?" అని అడిగింది. పకోడీలు వేడిగా ఉన్నాయా అని. చినబాబు ఆవిడ ముందు నిలబడి ఏడ్చేశాడు. ఆవిడ కంగారుపడి తన దగ్గరున్న కీరాకాయ ఒకటి అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

కాపలావాడు తాడు తెంపుకుపోయిందని చెప్పాడు. గోవింద్‌పూర్ వెళ్ళే దారిలో ఎవరో చూశామన్నారు. అది వేరే కుక్క. చినబాబు ప్రతి కుక్క దగ్గరా ఆగి, వంగి, ముఖంలో ముఖం పెట్టి చూశాడు. కొన్ని కరవబోయాయి.

వానలు పడ్డాక సరస్వతమ్మ నల్ల కళ్ళద్దాలతో తిరిగొచ్చింది. చినబాబు ఒక గురువారం చూసి వెళ్ళాడు. కుర్చీలో కూర్చుని, అలవాటుగా జోళ్ళు విప్పి, విప్పిన పాదాన్ని ముందుకి పెట్టి, ఖాళీ నేల చూసి వెనక్కి లాక్కున్నాడు. కోడి సంగతి, మొగం సంగతి, దద్దుర్ల సంగతి, గోడ సంగతి చెప్పాడు. ఈసారి కింద చూసి చెప్పడానికి ఎవరూ లేరు. ఆవిడ అద్దాల్లోకి చూసే చెప్పాడు.

ఆవిడ అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"నీ ఇంటిదాకా వచ్చిందన్నమాట," అంది. "కోడి సంగతి ముందే చెప్పి ఉంటే మీ అమ్మ దగ్గరికి నేనే వచ్చి మాట్లాడేదాన్ని కదా నాయనా. ఆవిడతో గొడవేం లేదు. కొడుకు బాగుండాలనేగా."

"నవ్వుతారనుకున్నానమ్మా."

"నవ్వేదాన్నే. నవ్వి వచ్చేదాన్ని." ఆవిడ చిక్కుడుకాయల పళ్ళెం దగ్గరికి లాక్కుంది, ఒలవలేదు. "ఆ కోడలుపిల్ల మొన్న వచ్చింది. కూర్చుంది, నేల చూసింది, వెళ్ళిపోయింది. వాళ్ళంతా నా ముఖం చూసి చెప్పాలి ఇప్పుడు." తర్వాత అడిగింది, "చెయ్యి మళ్ళీ వణికిందా?"

"లేదమ్మా."

"హవు," అంది.

ఇంటి దగ్గర జోగమ్మ రోజూ మధ్యాహ్నం వాకిట్లో ఒక చిప్పలో గంజన్నం పెడుతోంది. ఎవరైనా అడిగితే కాకులకి అంటుంది. అన్నం నానబెట్టి, పళ్ళు లేనివాళ్ళు తినేంత మెత్తగా పిసికి పెడుతుంది.

చినబాబు క్రేను డబ్బాలో పక్క రేకు ఒకటి తుప్పు పట్టి ఊడిపోయింది. మేస్త్రీ కొత్తది వేస్తానంటే వద్దన్నాడు. ఆ సందులోంచి ఖర్కాయి వంతెనా, దాని కింద ఇసుకా, ఇసుక మీద అటూ ఇటూ పోయే చిన్న చిన్న ఆకారాలూ కనబడతాయి. పెట్టెకీ పెట్టెకీ మధ్య అటే చూస్తూ కూర్చుంటాడు.

"క్యా దేఖ్‌తే హో భయ్యా, రోజ్ రోజ్?" అని బలరామ్ కిందినుంచి అరుస్తాడు. రోజూ అంతలా ఏం చూస్తావని.

"కుఛ్ నహీ. నువ్వు గొలుసు సరిగ్గా తగిలించు."

"హబీస్!"

చినబాబు ఎడమ పాదాన్ని జోడులోంచి బయటికి తీసి రేకు మీద పెడతాడు. రేకు చల్లగా ఉంటుంది. మీట మీద చెయ్యి వేసి, దానివైపు చూసుకుంటాడు. ఒక్కసారి, ఊరికే ఒక్కసారి, వణికితే బాగుండుననిపిస్తుంది. గొలుసు బిగుస్తుంది. పెట్టె ఎటూ ఊగకుండా నేల విడిచి నిటారుగా పైకి లేస్తుంది.